వలస వెళ్లిన బిడ్డ, ఒంటరి రాత్రి



ఈ నెల మేము వ్రాయబోయే సంగతి నలుగురూ కూర్చుని పైకి చదువుకునేది కాదు. అయినా ఇది కుటుంబ పత్రిక గనుకనే ఇక్కడ వ్రాస్తున్నాము. ఇంటిలో దాగి ఉన్నదానిని ఇంటివారు పలకకపోతే బయటివారు పలుకుతారు. బయటివారు పలికే తీరు మనకు తెలుసు. పెద్దలు ముందు తాము చదివి, ఎదిగిన బిడ్డ చేతికి ఇవ్వవలెనో లేదో తామే నిర్ణయించుకొందురు గాక.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఏ గ్రామ సంఘానికి వెళ్లినా ఆదివారం ఉదయం ఒక సంగతి కంటికి ఆనుతుంది. స్త్రీల వైపు చాపలు నిండి ఉంటాయి. ముసలివారు ఉంటారు. సండే స్కూలు పిల్లలు ముందు వరసలో గోల చేస్తుంటారు. ఇరవై ఏండ్లు దాటి నలభై నిండని మగవారు కూర్చునే చోటు మాత్రం వెలవెలబోతూ ఉంటుంది. ప్రార్థన మనవుల చీటీలు చదివితే వారెక్కడ ఉన్నారో తెలుస్తుంది. ఒకడు హైదరాబాదులో సెంట్రింగు పని, ఒకడు చెన్నైలో తాపీ పని, ఒకడు గుజరాతులో బోటు మీద. తల్లి వ్రాయించిన చీటీలో సాధారణంగా రెండే మనవులు: బిడ్డకు ఆరోగ్యం, చేతికి పని. మూడవ మనవి ఒకటి ఉన్నదని, దానిని ఏ తల్లీ వ్రాయించదని, ఏ కొడుకూ నోరు విప్పి చెప్పడని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మా వైపు వలస సంగతి తెలియనివారి కోసం కొంత చెప్పవలెను. ఒక్క శ్రీకాకుళం తీరమే సుమారు 190 కిలోమీటర్లు. ఆ దిగువన పూసపాటిరేగ, భోగాపురం. ఇంత సముద్రము ఇంటి ముందు ఉండి కూడా, పెద్ద బోట్లు నిలిచే రేవులు లేక మన మత్స్యకారులు దశాబ్దాలుగా గుజరాతులోని వేరావల్‌కు కూలికి పోతున్నారు. అక్కడ వేట నిషేధము జూన్‌లో మొదలవుతుంది. ఆగస్టులో మొదలైతే మే దాకా వేటే. అంటే ఏడాదిలో పది నెలలు ఇల్లు లేదు. ఒక్కొక్క బోటులో తండేలుతో కలిపి ఏడెనిమిదిమంది. లోపలికి పోతే పదిహేను ఇరవై రోజులకు గాని నేల కనబడదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానములోని కొబ్బరి, జీడి తోటలను నేలకు కొట్టింది. ఆ మరుసటి నెలలోనే వేరావల్ నుండి వేటకు పోయిన మన రెండు జిల్లాలవారిని, సరిహద్దు దాటారని పాకిస్తానువారు పట్టుకుపోయి కరాచీ జైలులో ఉంచారు. 2020 జనవరి 6న వాఘా దగ్గర 20 మందిని అప్పగించారు. ఆ సంగతి ఆధారంగా 2025లో ‘తండేల్’ అని సినిమా కూడా వచ్చింది. ఆ ఏడాదికి పైగా కాలము మా సంఘము ప్రతి శుక్రవారం ఉపవాస కూడికలో వారి కోసం మోకరించింది. జైలులో ఉన్నవాని ఒంటరితనము మాకు బాగా అర్థమైంది. జైలు లేకుండా, గోడలు లేకుండా, చేతిలో ఫోనుతో ఉన్నవాని ఒంటరితనము అదే రోజులలో మా ముందుకు వచ్చి నిలబడితే మాత్రం మేము గుర్తించలేకపోయాము.

ఒక సహోదరుడు

2019 జూన్ నెలలో, వేట నిషేధపు సెలవులకు ఇంటికి వచ్చిన ఒక సహోదరుడు రాత్రి కూడిక అయిన తరువాత అందరూ వెళ్లేదాకా చెప్పుల దగ్గర తచ్చాడుతూ నిలబడ్డాడు. పెండ్లి అయి రెండేండ్లు. ఒక బిడ్డ. “అయ్యగారూ, ఒక మాట సెప్తాను, ఎవులికీ సెప్పకండి” అన్నాడు. చెప్పడానికి అరగంట పట్టింది. పందొమ్మిదో ఏట చెన్నైలో కట్టడము పనికి వెళ్లినప్పుడు ఒక గదిలో తొమ్మిదిమంది పడుకునేవారట. ఆ తొమ్మిదిమందిలో ఒకడు మెమరీ కార్డులో వేసి ఇచ్చిన బూతు వీడియోలతో మొదలైంది. 2016లో జియో వచ్చి డేటా చౌక అయిన తరువాత కార్డుతో పని లేకపోయింది. బోటు రేవులో ఉన్న రాత్రులలో రెండు, మూడు గంటలదాకా చూడటం, తెల్లవారి తనను తానే అసహ్యించుకోవటం, ఇక చూడనని ప్రమాణము చేయటం, నాలుగో రోజు మళ్లీ చూడటం. “పెళ్లయితే పోద్ది అనుకున్నాను. పోలేదు” అన్నాడు.

పెండ్లి చేస్తే పోతుందని అతను ఒక్కడే అనుకోలేదు. తల్లిదండ్రులు అనుకుంటారు, కొందరు కాపరులు అదే మందు చెప్పి పంపుతారు, మేమూ చెప్పి ఉన్నాము. ఎవరో ఒక అమ్మాయి జీవితాన్ని తీసుకొని మరొకరి రోగానికి మందుగా నూరి పెట్టడం అది. ఆ మాట ఈ రోజు మేము వెనుకకు తీసుకుంటున్నాము.

అతను చెప్పింది విన్నాము. భుజము మీద చేయి వేసి ప్రార్థన చేశాము. అంతవరకు బాగానే ఉన్నది. రెండు వారాల తరువాత ఆదివారం 2 సమూయేలు 11వ అధ్యాయము మీద ప్రసంగిస్తూ, దావీదు మేడ మీద నుండి చూచిన చూపు దగ్గరకు వచ్చేసరికి మాకు ఆవేశము వచ్చింది. “మన మధ్యలోనే ఒక సహోదరుడు, భార్యాబిడ్డలు ఉన్నవాడు, గుజరాతు నుండి వచ్చి” అని మొదలుపెట్టాము. పేరు చెప్పలేదు. పేరు చెప్పకపోవడమే గొప్ప జాగ్రత్త అనుకున్నాము. ఆ వేసవిలో మా సంఘానికి గుజరాతు నుండి వచ్చి, భార్య ఉండి, బిడ్డ ఉన్నవారు ఎంతమంది? ఇద్దరు. అందులో ఒకరికి యాభై ఏండ్లు.

ఆ మంగళవారమే అతను ఆమదాలవలస వెళ్లి రైలెక్కేశాడు. వేట మొదలు కావడానికి ఇంకా మూడు వారాలున్నది. అతని తల్లి మా గుమ్మములోకి వచ్చి కూర్చోలేదు, నిలబడే అడిగింది. “ఏటి సేసినాడని అయ్యగారూ, అంతమందిలో మా గుంటడి గురించి సెప్పీసినారు?” మా దగ్గర జవాబు లేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. దసరా సెలవులు పోయాయి, క్రిస్మస్ పోయింది. ఆ క్రిస్మస్ ఆరాధనలో ఆ తల్లి చివరి వరసలో కూర్చున్నది, ప్రభువు బల్లకు రాలేదు.

దావీదు మేడ మీద ఎవరూ లేరు

ఆ నెలలలో ఆ అధ్యాయాన్ని మేము ఎన్నిసార్లు చదివామో లెక్క లేదు. ప్రసంగము చేసినప్పుడు కనబడనిది అప్పుడు కనబడింది. ఆ కథ చూపుతో మొదలు కాలేదు. రాజులు యుద్ధానికి బయలుదేరే కాలమున దావీదు యెరూషలేములో ఉండిపోయాడన్న మాటతో మొదలైంది. యోవాబు వెళ్లాడు, దావీదు పరాక్రమశాలులు వెళ్లారు. అతనితో కలిసి తిని, కలిసి పోరాడి, ‘వద్దు రాజా’ అని మొగము మీద చెప్పగలిగినవారందరూ రబ్బాను ముట్టడి వేస్తున్నారు. ఇంటిలో మిగిలినది సేవకులు. ఆమె ఊరియా భార్య అని ఒకడు చెప్పనే చెప్పాడు, కాని చెప్పినవాడు పనివాడు. సాయంకాలము పడక మీదనుండి లేచి మేడ మీద తిరుగుతున్న ఆ మనిషి చుట్టూ జనమున్నది, తోడు మాత్రం లేదు. ఒంటరితనము పాపానికి సాకు అని మేము అనటం లేదు. దావీదు చేసినది మహాపాపమే, ఊరియా ప్రాణము తీసింది. కాని పాపము ఏ తలుపు గుండా లోపలికి వచ్చిందో తెలియకపోతే గడియ ఎక్కడ వేస్తాము?

ఇంకొకటి కనబడి మాకు సిగ్గు వేసింది. తరువాతి అధ్యాయములో దేవుడు నాతానును పంపాడు. నాతాను నలుగురిలో చెప్పలేదు. దావీదు దగ్గరకే వెళ్లి ఒక గొర్రెపిల్ల కథ చెప్పాడు. మనిషికి కథ చెప్పాడు. మేము మనిషిని కథ చేసి సంఘానికి చెప్పాము.

ఆదికాండము 2:18 కూడా ఈ వెలుగులో చదవండి. సృష్టిలో అన్నిటిని చూచి మంచిదన్న దేవుడు, మంచిది కాదు అన్న మొదటి సంగతి నరుడు ఒంటరిగా ఉండటమే. అప్పటికి పాపము లోకములోనికి రాలేదు. ఆదాము ఏదెనులో దేవునితో మాట్లాడుతూనే ఒంటరిగా ఉన్నాడు. కాబట్టి ‘నీకు దేవుడు తోడు ఉండగా ఒంటరితనమేమిటి, విశ్వాసము చాలక గదా’ అని మనము యవ్వనస్థులకు చెప్పే మాట లేఖనము చెప్పిన మాట కాదు. ఆకలి వేసినవాడు పాపి కాడు. ఆ ఆకలికి ఏమి తిన్నాడన్నదే ప్రశ్న. 102వ కీర్తన వ్రాసిన భక్తుడు తనను అడవి పక్షితోను, ఇంటి కప్పు మీద ఒంటిగా కూర్చున్న పిచ్చుకతోను పోల్చుకున్నాడు. నిద్ర పట్టటం లేదని దేవునికే చెప్పుకున్నాడు. ఆ కీర్తనను దేవుడు తన గ్రంథములో నుండి తీసివేయలేదు.

ఈ రోజున లోకము కూడా ఈ మాటే చెబుతున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో ప్రచురించిన నివేదికలో, లోకములో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనముతో బాధపడుతున్నారని, దానితో ముడిపడిన మరణాలు ఏడాదికి 8 లక్షల 71 వేలకు పైగా ఉంటాయని చెప్పింది. అదే సంస్థ రోగాల పట్టికలో, తన లైంగిక ప్రవర్తనను ఎంత ప్రయత్నించినా అదుపు చేసుకోలేక, పని, కుటుంబము, ఆరోగ్యము చెడుతున్నా మానలేని స్థితిని ఒక రుగ్మతగా చేర్చారు. ఆ పట్టిక 2022 జనవరి నుండి అమలులోకి వచ్చింది. దానిని మద్యపానము వంటి వ్యసనముల వరసలో కాక, ఉద్రేకమును నిలువరించుకోలేని రుగ్మతల వరసలో పెట్టారు. అక్కడ వైద్యులు ఒక హెచ్చరిక కూడా చేశారు: తప్పు చేశానన్న బాధ ఒక్కటే ఉంటే అది రోగము కాదు అని. ఇది కాపరులు గుర్తుంచుకోవలసిన మాట. ఒకసారి చూచి ఏడ్చుకుంటూ వచ్చిన పదహారేండ్ల బిడ్డకు ‘నీకు వ్యసనము పట్టింది’ అని ముద్ర వేయకూడదు. పదేండ్లుగా రాత్రులు పాడు చేసుకున్నవానికి ‘ఒక ఉపవాసము ఉండు, పోతుంది’ అనీ చెప్పకూడదు.

తొమ్మిదిన్నర

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. వేరావల్ రేవులో మనవారు వేలమంది బోట్ల మీదనే ఉండిపోయారు. వేట లేదు, నేల మీదికి దిగి ఊరికి వచ్చే దారి లేదు. ఏప్రిల్ మొదటి వారములో ఒక రాత్రి మేము ధైర్యము తెచ్చుకుని అతని నంబరుకు మళ్లీ చేశాము. ఎత్తాడు. ప్రార్థన చేయలేదు, వాక్యము చెప్పలేదు. “తమ్ముడూ, నీవు నమ్మి చెప్పిన మాటను నేను సంతలో పెట్టాను. తప్పు నాది. క్షమించు” అన్నాము. చాలాసేపు అటునుండి బోటు చెక్కలు రాసుకునే శబ్దమే వినబడింది. తరువాత “ఊర్లో ఎండలు ఎలాగున్నాయి అయ్యగారూ?” అని అడిగాడు. అంతే. ఫోను పెట్టేశాడు.

మరునాడు రాత్రి తొమ్మిదిన్నరకు ఒక మిస్డ్ కాల్ వచ్చింది. తిరిగి చేశాము. ఆ రోజు నుండి ఇంచుమించు ప్రతి రాత్రీ అదే వేళకు. ఆ వేళనే ఎందుకని అడిగితే చెప్పాడు: వంట అయి, తిని, ఎవరి మూలకు వారు ఫోనులు పట్టుకుని ఒరిగే వేళ అది. అక్కడ మొదలైతే మూడింటికి ఆగుతుంది. ఆ ఒక్క అరగంట దాటితే నిద్ర వచ్చేస్తుంది. ఇన్నేండ్ల సేవలో శోధనకు ఒక గడియారము ఉంటుందని మాకు ఎవరూ నేర్పలేదు, అతను నేర్పాడు.

ఏలీయా సంగతి (1 రాజులు 19) మేము అతనికి ఫోనులోనే చదివి వినిపించాము. బదరీ చెట్టు క్రింద చావు కోరుకుంటున్న ప్రవక్తకు దేవుడు మొదట పంపినది గద్దింపు కాదు, రొట్టె, నీళ్లు, నిద్ర. అది కూడా రెండుసార్లు. తానొక్కడినే మిగిలానని రెండుసార్లు మొర పెట్టినవానికి, ఇంకా ఏడువేలమంది ఉన్నారని చెప్పి, వెంటనే ఎలీషా అనే ఒక మనిషిని చూపాడు. అతను అది విని “అయితే నాను ఒండుతాను” అన్నాడు. మాకు అర్థం కాలేదు. తరువాత తెలిసింది, బోటులో ఎవరి పాటికి వారు తినే అలవాటు మాన్పించి, చేపల పులుసు తానే వండి ఏడుగురినీ ఒక్కచోట కూర్చోబెట్టడం మొదలుపెట్టాడు. తిన్న తరువాత కబుర్లు. ఒకరిద్దరు విశ్వాసులు కాకపోయినా పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తన ఒకటి పాడితే వినేవారట. ఆయన మన ఉత్తరాంధ్రలో తిరిగి సువార్త చెప్పినవాడే గదా. తిబెరియ సముద్రపు ఒడ్డున, తనను ఎరుగనని బొంకిన పేతురుకు ప్రభువు మొదట నిప్పుల మీద చేపలు కాల్చి పెట్టాడు, ఆ తరువాతనే నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగాడు (యోహాను 21). ఆ అధ్యాయము మేము సంఘములో చెప్పినదానికంటె అతను బోటులో బాగా బోధించాడని మా అభిప్రాయము.

ఏప్రిల్ చివరలో బస్సులు కదిలాయి. మే మొదటి వారములో మనవారు జిల్లాకు చేరి, క్వారంటైనులో ఉండి, ఇండ్లకు వచ్చారు.

ఇంటిలో ఉన్నదానికి ఏమి చెప్పాలి?

ఇక్కడ మేము రెండవ తప్పు చేయబోయాము. అతను మా ఇంట, మా శ్రీమతి ఎదుట, తన భార్యకు సంగతంతా తానే చెప్పాడు. ఆమె ఏడవలేదు. “అయితే అందుకా” అని మాత్రం అన్నది. మేము వెంటనే “అమ్మా, క్షమించు, ప్రభువు మనలను క్షమించాడు గదా” అని మొదలుపెట్టాము. మా శ్రీమతి మమ్మల్ని ఆపి, ఆమెను లోపలికి తీసుకుపోయింది. తరువాత మాతో అన్నది: ‘ఆయన పదేళ్లు మోసినదాన్ని ఆమె నెత్తి మీద పెట్టి పది నిమిషాలు కాలేదు. అప్పుడే దించేయమంటారేమిటి?’

ఆమె నలభై రోజులు కన్నవారి ఇంట ఉన్నది. ఆ రోజులలో ఊరిలో కొందరు ‘ఆడది సరిగా ఉంటే మగాడికి ఆ బుద్ధులెందుకు పుడతాయి’ అన్నారు. విశ్వాసులే అన్నారు. ఇది అబద్ధము. ఈమె మొగము చూడకముందే అతనిలో ఆ అలవాటు ఉన్నది. ఆమె మా శ్రీమతితో చెప్పిన మాట ఒకటి, ఆమె అనుమతితోనే వ్రాస్తున్నాము: “మనిషైతే ఏటేటా వస్తన్నాడు గానీ అమ్మగారూ, సూపు రావట్లేదు.” పది నెలలు చంటిబిడ్డతో, అత్తమామలతో, ఎవరితోనూ పంచుకోలేని ఎదురుచూపుతో గడిపిన ఆమెది ఒంటరితనము కాదా? వలస ఇంటిలో ఒంటరివారు ఇద్దరుంటారు. మనము ఒకరి గురించే కూడికలు పెడతాము. ఏకాంతముగా ఉన్నవారిని దేవుడు ఇంటివారిగా చేస్తాడని 68వ కీర్తన చెబుతున్నది. ఆ పని ఆయన ఎక్కువగా మనుష్యుల చేతనే చేయిస్తాడు. మా స్త్రీల సమాజములో ఇద్దరు ఆ నలభై రోజులూ వంతులు వేసుకొని ఆమె పుట్టింటికి వెళ్లి వచ్చారు. ఆమె తిరిగి వచ్చింది. షరతులు పెట్టింది. ఫోను రాత్రి వంటింటి గూటిలో ఉండవలెను. అబద్ధము చెబితే మాత్రం సహించనన్నది.

స్త్రీలలోను, ఆడపిల్లలలోను ఈ శోధన లేదని అనుకునేవారికి ఒక్క మాట: ఉన్నది. వారు చెప్పుకోవడానికి మగవారికున్నంత చోటు కూడా లేదు. వారి సంగతి స్త్రీలే వినవలెను.

కొన్ని పనికివచ్చే సంగతులు

1990లలో ఈ సరుకు దొరకాలంటే బస్టాండు కొట్టువాని దగ్గర తల దించుకుని అడగాలి, లేదా వీడియో అద్దెకు తేవాలి. సిగ్గు అనే కంచె ఒకటి ఉండేది. ఇప్పుడు ఆ కంచె లేదు. ప్రభుత్వము 2015లోను, 2018లోను వందల సైట్లను మూయించింది. ఒక తలుపు మూస్తే పది కిటికీలు తెరుచుకున్నవి. ఫోనులో అడ్డుకట్టలు పెట్టుకోవడము మంచిదే, మేము పెట్టుకున్నాము. కాపరులకు ఒంటరితనము ఉండదని తలంచకండి. ఆదివారం వందమందితో మాట్లాడి సోమవారం ఎవరితోనూ మాట్లాడలేని పని మాది. రాత్రి మా ఫోను మా శ్రీమతి తలగడ క్రింద పెట్టి పడుకునే అలవాటు మాకు ఊరికే రాలేదు. ఇంతకంటె ఇక్కడ వ్రాయము. మేము చెప్పుకోవలసినవారితో, మరొక సంఘపు వృద్ధ కాపరితో, చెప్పుకున్నాము.

యాకోబు 5:16లో ఒకరితో ఒకరు పాపములు ఒప్పుకొనమన్నాడే గాని, మైకు ముందు ఒప్పుకొనమనలేదు. మగవాడు మగవానితో, నోరు కట్టుకోగల ఒక్కరితో. ఆ ఒక్కరు కాపరి కానక్కరలేదు. మా అనుభవము చూచారు గదా. పడినప్పుడు ఆ రాత్రే చెప్పవలెను, పడినందుకు వారమంతా దాగితే ఆ వారము మళ్లీ పడటానికే పనికివస్తుంది. ఇంకా, మత్తయి 12వ అధ్యాయములో ఊడ్చి అమర్చిన ఖాళీ ఇంటికి దురాత్మ మరి ఏడింటిని తోడు తెచ్చుకున్న సంగతి ప్రభువు చెప్పాడు. మానివేసిన గంటలలోనికి ఏదో ఒకటి రావాలి: వంట, ఆట, డోలక్, బిడ్డతో వీడియో కాల్, అలసిపోయే పని, నిద్ర. ఆకలి, కోపము, ఒంటరితనము, అలసట, ఈ నాలుగు వేళలలో జాగ్రత్త అని మద్యము మాన్పించే బృందాలవారు చెబుతారు. మా సహోదరుని లెక్కలో ఎక్కువ రాత్రులు అలసటవే.

చిన్నపిల్లలతో తీసినవి ఎవరైనా పంపితే దాచుకోవడము కూడా నేరము. సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23న ఈ మాట తేల్చి చెప్పింది. గ్రూపులో వచ్చింది, నేను అడగలేదు అనుకుంటూ ఫోనులో ఉంచుకోవద్దు.

మరొకటి. నగరములో హాస్టలులో ఉండి చదువుకుంటున్న మా సంఘపు బిడ్డ ఒకనికి ఎవరో తెలియని స్త్రీ పేరుతో వీడియో కాల్ వచ్చింది. ఆ కొద్ది నిమిషాలు రికార్డు చేసి, మీ ఇంటివారికందరికి పంపుతామని బెదిరించి డబ్బు లాగారు. ఇచ్చినకొద్దీ అడిగారు. చావాలనుకున్నాడు. దేవుని కృపవలన అక్కకు చెప్పాడు. తల్లిదండ్రులారా, ఇటువంటిది జరిగితే బిడ్డను కొట్టకండి, వానికి ఒక్క పైసా పంపకండి, 1930కి ఫోను చేయండి. అది సైబరు మోసాల కోసం ప్రభుత్వము పెట్టిన నంబరు. మనస్సు కుదురు లేనప్పుడు, చావు తలంపులు వచ్చినప్పుడు 14416, టెలి మానస్. 2022 అక్టోబరులో మొదలైంది, ఉచితము, తెలుగులో మాట్లాడుతారు. వైద్యుని దగ్గరకు వెళ్లటం అవిశ్వాసము కాదు. లూకా వైద్యుడే.

అతనికి పూర్తి విడుదల దొరికిందా అని అడుగుతారు. ఈ వ్యాసము అచ్చుకు పంపకముందు అతనికి, అతని భార్యకు చదివి వినిపించాము, గుర్తు పట్టే వివరాలు మార్చాము. మేము ‘జయించాడు’ అని వ్రాసినచోట కొట్టివేయమన్నాడు. నిరుడు మూడుసార్లు పడ్డాను, మూడుసార్లూ ఆ రాత్రే ఫోను చేశాను, అలా వ్రాయండి అన్నాడు. వ్రాశాము. అతని తల్లి ఇప్పుడు ప్రభువు బల్లకు వస్తున్నది. మాతో మాత్రం ఇంకా తక్కువే మాట్లాడుతుంది.

అతను కోరినది ఇంకొకటున్నది. తన ఒక్కనికే ఫోను వస్తే చాలదని, బోట్లకు పోయే ప్రతివానికి ఒకరు ఉండాలని. అందుచేత ఇప్పుడు జూలై చివరి ఆదివారం ఆరాధన తరువాత ఒక నోటు పుస్తకము తీస్తాము. ఎడమ వైపు వెళ్లేవారి పేర్లు, కుడి వైపు వారికి రాత్రి ఫోను చేసే పురుషుని పేరు. ఈసారి ఎడమ వైపు పదకొండు పేర్లున్నవి. కుడి వైపు తొమ్మిది నిండాయి. మిగిలిన ఇద్దరిలో ఒకనికి పందొమ్మిదేండ్లు, మొదటిసారి వెళ్తున్నాడు.